గేటుకు పెట్టిన బొట్టు

మా తాలూకాకు రైలు లేదు. వస్తుందని నేను పరికిణీలు కట్టుకునే రోజుల నుంచీ చెబుతున్నారు. కొలతరాళ్ళు పాతారు, ఎర్రమట్టి కట్టలు పోశారు, ఎన్నికలప్పుడల్లా రైలు మా పొలిమేర దాకా వచ్చి వెనక్కి పోయింది. కాబట్టి రైలు స్టేషన్లో ఎలా మసలుకోవాలో మేం పట్నం పోయి నేర్చుకోవలసి వచ్చింది. అది ఏ పట్నమో, ఏ స్టేషనో చెప్పను. చెబితే అక్కడ గేటు దగ్గర కాపలా ఉండే ఒకావిడ ఉద్యోగానికి ముప్పు. మేలు చేసిన మనిషికి కీడు చేయడం నాకు చేతకాదు.

కన్నడ రాష్ట్రంలో ఉన్నా తెలుగు మాట్లాడే పక్క మాది. నేను వై.ఎన్.హొసకోట బజారులో జాకెట్లు కుడతాను. నన్ను పెంచింది మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క. ఆమెది క్యాతగానచెర్లు పక్కన చిన్న ఊరు. వాన పడితే వేరుశెనగ, పడకపోతే రాళ్ళు పండే చేను ఆమెది. ఇప్పుడు ఆ చేను నిండా సోలార్ పలకలు పరిచారు. గట్టు మీద నిలబడి చూస్తే కనుచూపు మేర నల్లటి అద్దాలే. కోడలు ఆ పలకలు కడిగే పనికి పోతుంది. కొడుకు లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు ఇంట ఉండడు. పెద్దమ్మ సాయంత్రాలు కంచె దగ్గరికి పోయి నిలబడి, "ఈడ బావి ఉండె, ఆడ మీ పెద్దనాయన మంచె కట్టె" అని నాకు చూపించేది. చేను పోయినందుకు ఏడవలేదు, పలకలు వచ్చినందుకు మురవనూ లేదు. చూస్తూ ఉండేది, అంతే.

ఆ చూపుకే ముప్పు వచ్చింది. కళ్ళలో నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలినదాన్ని కాపాడుకోవడమే మన చేతిలో ఉందని పట్నం డాక్టరు చెప్పాడు. చుక్కల మందు మానకూడదు, రమ్మన్నప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి, రాకపోతే ఉన్నది కూడా పోతుంది. ఆయన మెత్తగా చెప్పాడు గాని మాట మాత్రం మెత్తనిది కాదు.

రెండు చేతులూ గొట్టంలా చుట్టి కళ్ళకు పెట్టుకుంటే ఎంత కనబడుతుందో పెద్దమ్మకు అంతే కనబడుతుంది. పక్కలు లేవు. ఆ గొట్టంలో కూడా బూడిద రంగు మీద నలుపు ఉంటే రెండూ కలిసిపోతాయి. పసుపు, ఎరుపు మాత్రం ఇట్టే పట్టుకుంటుంది. ఇది నాకు ఎవరూ వివరించనక్కర లేకపోయింది. నల్ల జాకెట్టుకు నల్ల దారంతో వేసిన కుట్టు విప్పమంటే కుర్రకళ్ళకైనా నీళ్ళు కారతాయి. అందుకే మేం నల్ల బట్ట మీద తెల్ల సుద్దతో గీత గీసుకుంటాం. అది తెలివి కాదు, అవసరం.

బస్సు మమ్మల్ని పట్నం అంచున దింపుతుంది. అక్కడి నుంచి ఆసుపత్రికి మెట్రో రైలు. ఆ స్టేషన్లో గేట్లు మీరు చూసే ఉంటారు. నడుము ఎత్తున స్టీలు పెట్టెలు వరసగా ఉంటాయి. రెండేసి పెట్టెల మధ్య ఒక మనిషి పట్టేంత దారి, దారికి అడ్డంగా రెక్కలు. కుడి పక్క పెట్టె మీద అరచేయంత నల్లగాజు ఒకటి ఉంటుంది. దాని మీద టికెట్టు కార్డు పెడితే రెక్కలు తెరుచుకుంటాయి. మెరిసే బూడిద రంగు స్టీలులో ఆ నల్లగాజు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో పెద్దమ్మ కంటికి ఆనదు. పెట్టె ముందు భాగాన మాత్రం పచ్చటి బాణం గుర్తు ధగధగా వెలుగుతుంటుంది. కనబడాల్సింది దాక్కుంటుంది, అక్కరలేనిది ముందుకొచ్చి కూర్చుంటుంది.

మొదటిసారి నేను ముందు దాటి అవతల నిలబడ్డాను. చేయి పట్టుకొని నడిపిస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. "నన్నేమన్నా సంతకు తోలుకొని పోతాండావా?" అంటుంది. అందుకని దూరం నుంచే చూస్తున్నాను. పెద్దమ్మ కార్డు తీసి పచ్చ బాణానికి చూపించింది. రెక్కలు కదల్లేదు. స్టీలు మీద అటూ ఇటూ రాసింది. తడుముకుంటూ ఎడమ పక్క పెట్టె మీది గాజుకు తాకించింది. అది ఆమె దారిది కాదు, పక్క దారిది. పక్క రెక్కలు తెరుచుకున్నాయి. అక్కడ చెవుల్లో పాటలు పెట్టుకొని నిలబడిన ఒకడు మా పెద్దమ్మ కార్డు మీద దర్జాగా లోపలికి పోయాడు.

నేను కేకేసి కుడి పక్కన చూపించాను. ఈసారి సరైన గాజు మీదే పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. ఆ కార్డు మనిషి అప్పటికే లోపలికి పోయినట్టు యంత్రం లెక్క. వెనక జనం గొణుగుడు మొదలైంది. ఒకాయన ఆమె చేతిలో కార్డు లాక్కొని తనే పెట్టి చూసి, విసుక్కుంటూ తిరిగి చేతిలో కుక్కాడు. గేటు కాపలా ఆవిడ వచ్చి, ఒకే కార్డు మీద ఇద్దరు పోవాలని చూస్తున్నారా అని కన్నడంలో గట్టిగా అడిగింది. అందరూ తిరిగి చూశారు. పెద్దమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. మళ్ళీ టికెట్టు కొన్నాకే లోపలికి వదిలారు.

తిరుగు బస్సు మా తాలూకా ఊరు పావగడ దాటాక ఆమె నా వైపు తిరిగింది.

"మే, ఇంగ నేను రాను," అంది. "కన్ను పోతే పోనీ. దొంగముండ అనిపించుకొని చూపించుకోవల్నా?"

"అట్లనకు పెద్దమ్మా. నేను పట్టుకొని దాటిస్తా."

"పట్టుకొనేదైతే అసలుకే రాను."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ ఆమెను అంటుండేది. అన్నమాట మీద నిలబడే మనిషి. ఆమె రానంటే రాదు, రాకపోతే కళ్ళు పోతాయి. ఆ రెండింటి మధ్య అరచేయంత గాజుముక్క ఉంది. నాకు భయం వేసింది. భయం కంటే ఎక్కువ కోపం వచ్చింది.

కోపం వస్తే నేను ఊరకే కూర్చోలేను. మరుసటి వారం పెద్దమ్మ ఇంటి తలవాకిట కుడి పక్కన, నడుము ఎత్తున ఒక స్టీలు పళ్ళెం మేకులకు కట్టి వేలాడదీశాను. "దీనికి కార్డు తాకించి లోపలికి రా. చేతికి అలవాటైతే కంటితో పని లేదు," అన్నాను. ఆమె మొదట నవ్వింది, తర్వాత పట్టు పట్టింది. నీళ్ళకు పోయి వచ్చినా, మేకకు ఆకు వేసి వచ్చినా ఠంగుమని పళ్ళేనికి కార్డు కొట్టి గడప దాటేది. ఎదురింటి ఆడవాళ్ళకు అది మంచి కాలక్షేపమైంది. "మేము కూడా టికెట్టు కొట్టే రావల్నా అక్కా?" అని ఎకసక్కాలు. "మీకు బాకీ రాసుకుంటా పోండి," అనేది పెద్దమ్మ. మళ్ళీ పట్నం పోవడానికి ఒప్పుకుంది.

ఇంటికి తలుపు ఒకటే, స్టేషన్లో తలుపులు వరస. ఆ సంగతి నేను ఆలోచించలేదు. చేయి ఎత్తు తెలుసు, పక్క తెలుసు, అయినా ఎదురుగా ఉన్న పెట్టెల్లో తనది ఏదో తేల్చుకునేలోపు వెనక నుంచి తోపులాట. గాజుకు జానెడు అవతల పెట్టింది, బెత్తెడు ఇవతల పెట్టింది. కాపలా ఆవిడ ఈసారి మెత్తగానే వచ్చి, చక్రాల కుర్చీల వాళ్ళు పోయే వెడల్పు గేటు తెరిచి అటు రమ్మంది. పెద్దమ్మ కదల్లేదు. "నాకు కాళ్ళుండాయి కదమ్మా. నా కార్డులో దుడ్లు ఉండాయి కదా. అందరూ పొయ్యే దావలో నేనెందుకు పోకూడదు?" అంది. ఆవిడకు మా తెలుగు సగం అర్థమై సగం కాక నా వైపు చూసింది. చివరికి నేనే దగ్గరికి వచ్చి కార్డు పెట్టించాను. రైల్లో పెద్దమ్మ నాకు దూరంగా వేరే సీట్లో కూర్చుంది.

మూడోసారి డాక్టరు రమ్మన్న రోజు ఆయుధపూజ మరునాడు పడింది.

మా పక్క ఆయుధపూజ అంటే ఇంట్లో కదిలే వస్తువు దేన్నీ వదలరు. మిక్సీకి, బైకుకు, కొడవలికి, నా కుట్టుమిషనుకు, అన్నిటికీ కడిగి పసుపు రాసి బొట్టు పెట్టాల్సిందే. సోలార్ పార్కులో కూడా కరెంటు పెట్టెలకు పూలు వేస్తారు. ఆ ఏడు కూడా కోడలు పసుపు కుంకుమల గిన్నె పట్టుకొని ఇల్లంతా తిరిగింది. గడపకు పసుపు పూసి ఎర్రటి బొట్లు వరసగా పెట్టింది. పెద్దమ్మ వసారాలో ఒక పక్కగా కూర్చొని చూస్తోంది. పెద్దనాన్న పోయినప్పటి నుంచీ ఆమె కుంకుమ ముట్టలేదు. ముట్టవద్దని ఎవరూ నోటితో అనలేదు. గిన్నె ఆమె ఉన్న వైపు రాదు, అంతే. నేను చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే లేపి తలదువ్వి ఇంత బొట్టు పెట్టిన చేయి అది. ఆ గిన్నె ఆమెను తప్పించి పోవడం నేను ఏటా చూస్తాను, ఏటా నాకు మండుతుంది.

మరునాడు స్టేషనుకు పోయేసరికి మెట్ల దగ్గర పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు, బంతిపూల తోరణాలు. గేట్ల పెట్టెలకు కూడా పూజ చేశారు. యంత్రానికి ముఖం ఏదో ఎవరు తేల్చారో తెలియదు గాని, సరిగ్గా ఆ నల్లగాజు చుట్టూ పసుపు పూసి, నడిమధ్య రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టారు. ప్రతి పెట్టెకూ అంతే.

నేను ఇంకా సంచిలో నా కార్డు వెతుక్కుంటున్నాను. పెద్దమ్మ తిన్నగా నడిచింది. తడుముకోలేదు, ఆగలేదు. మా ఇంటి గడప దాటినట్టే కుడిచేయి చాచి కార్డు బొట్టు మీద పెట్టింది. రెక్కలు తెరుచుకున్నాయి. అవతల నిలబడి వెనక్కి తిరిగి, "ఏందిమే, ఇంకా ఆడే ఉండావు? రా," అంది.

అన్ని వేల మంది మధ్య మా పెద్దమ్మ తనంతట తానే గేటు దాటింది, నేను ఇవతల ఉండిపోయాను. రైల్లో కూర్చున్నాక ఆమె కిటికీలోంచి చూస్తూ, తర్వాతిసారి నువ్వు కొట్టు మూసుకోవద్దులే, నేనే వచ్చిపోతా అంది. నేను సరేనన్నాను.

సరేనన్నాను గాని మనసాగక మళ్ళీసారి కూడా వెంట పోయాను. పోవడమే మంచిదైంది. బొట్లు లేవు. పొద్దున్నే కడిగే యంత్రంతో పెట్టెలన్నీ తోమేశారు. బూడిద రంగు మీద నలుపు, ఎప్పటిలాగే. పెద్దమ్మ చేయి చాచింది, చేయి గాలిలో ఆగిపోయింది. వెనక ఎవరో నాలుక చప్పరించారు. ఆమె పక్కకు తప్పుకొని గోడకు ఆనుకుంది. "పోదాం పా మే. ఊరికి పోదాం," అంది. ఆ గొంతు నేను ఎరగనిది.

నేను ఊరికి పోయే రకం కాదు. ఆమెను అక్కడే నిలబెట్టి స్టేషను అధికారి గదికి పోయాను. అడగందే అమ్మైనా పెట్టదు కదా, అడిగే చూద్దామనుకున్నాను. నాకు వచ్చిన కన్నడంలో మర్యాదగానే చెప్పాను. గాజు చుట్టూ పసుపుపచ్చ కాగితం ఒకటి అంటించండి సార్, కంటిచూపు తక్కువైన వాళ్ళకు అది చాలు.

ఆయన గేటు దాకా వచ్చి చూశాడు. చెడ్డమనిషి కాదు. "రోజూ ఇంతమంది పోతున్నారు. ఎవరికీ లేని ఇబ్బంది మీకే ఎందుకు వచ్చింది?" అన్నాడు.

"ఇబ్బంది పడినవాళ్ళు మళ్ళీ రారు సార్. రానివాళ్ళు మీకెట్ల కనబడతారు?" అన్నాను.

గాజు మీద ఏదైనా ఉంటే కార్డు పట్టదన్నాడు. పండగ మరునాడు బొట్టు మీదే పట్టింది కదా అన్నాను. అన్ని స్టేషన్లూ ఒకే తీరుగా కనబడాలన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడ మేత కోసం అన్నట్టుంది ఆయన జవాబు. కనబడడం గురించే కదా నేను అడుగుతున్నది. అన్నిచోట్లా కంటికి ఆనకుండా ఉండడం కూడా ఒక తీరేనా? గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. అయినా తగ్గించలేదు.

అప్పుడు పెద్దమ్మ నా మోచేతిని పట్టుకుంది.

"నీ సంచిలో కుంకం ఉండాదా?"

పావగడలో బస్సు మారేటప్పుడు గుడి ముందర కొన్న పసుపు, కుంకుమ పొట్లాలు ఉన్నాయి, మా ఇంటికని. తీశాను. గేటు దగ్గరికి పోయి నేనే పెట్టబోతే ఆమె అరచేయి చాచింది.

"ఇట్ల తే. పొయ్యేది నేను."

పొట్లాలు రెండూ ఆమె చేతిలో పెట్టాను. నీళ్ళ సీసా మూత తీసి ఇమ్మంది. వేళ్ళు తడుపుకొని, ముఖం బాగా వంచి, తన గొట్టం చూపులోకి ఆ నల్లగాజును తెచ్చుకొని, చుట్టూ పసుపు రాసింది. తర్వాత చూపుడు వేలు కుంకుమలో ముంచింది. పెద్దనాన్న పోయాక ఆ వేలు కుంకుమలో మునగడం అదే మొదలు. నడిమధ్య గుండ్రంగా బొట్టు దిద్దింది.

జనం ఆగి చూస్తున్నారు. అధికారి, "అమ్మా, ఇదంతా కుదరదు," అని కాపలా ఆవిడ వైపు తిరిగి, తుడవమన్నాడు. ఒకప్పుడు మమ్మల్ని దొంగల్లా చూసిన ఆవిడే. గుడ్డ ఆమె చేతిలోనే ఉంది. గుడ్డనూ బొట్టునూ చూసి అక్కడే నిలబడిపోయింది. "పెట్టిన బొట్టు నా చేత్తో తుడవను సార్. నా వల్ల కాదు," అంది. ఆయన జేబురుమాలు తీశాడు.

పెద్దమ్మ గేటుకూ ఆయనకూ మధ్య నిలబడింది. కోపం వస్తే ఆమెకు కన్నడం రాదు, తెలుగే.

"ఏమప్పా, ఒకసారి ఇను. నా చేనంతా మీ అద్దాలకిచ్చినాము. ఆడ పుట్టే కరెంటు యాడికి పోతాందో నాకు తెల్దు. ఈడ మీ దీపాలు మాత్రం బాగా ఎలగతాండాయి. నేను మిమ్మల్ని రైలు ఊరికే ఎక్కించమనలే. దావ కనపడేట్ల పెట్టండంటాండా." ఒక్క క్షణం ఆగింది. "మొగుడు పోయిననాడు నా బొట్టు తుడిచినారు. అందరూ కూడి తుడిచినారు. నేను ఊరకుండి తుడిపించుకొంటి. దీన్ని తుడిస్తే మాత్రం ఊరకుండను."

ఆయనకు తెలుగు తెలియదు. కాపలా ఆవిడకు అంతంత మాత్రం వచ్చు. అయినా ఆమె ఆ మాటలన్నీ వరసగా, గట్టిగా, అందరికీ వినబడేలా కన్నడంలో చెప్పింది. ఆఖరి మాట కూడా వదలకుండా చెప్పింది. ఆమె మాకు చేసిన మేలు అదే. వరసలో నిలబడిన వాళ్ళెవరూ గొణగలేదు. అధికారి జేబురుమాలు చేతిలోనే మడతపెట్టుకున్నాడు.

పెద్దమ్మ కార్డు బొట్టు మీద పెట్టి అవతలికి పోయింది.

మళ్ళీ డాక్టరు రమ్మన్నప్పుడు నన్ను రావద్దంది. హొసకోటలో తెల్లవారి బస్సెక్కించి నా కొట్టుకు వచ్చాను. ఆ రోజు నేను కుట్టిన జాకెట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టవలసినవే. చేతులు తప్పుగా వేశాను, ముందుది వెనక పెట్టాను. సాయంత్రం బస్సు వచ్చేవేళకు స్టాండులో నిలబడ్డాను. పెద్దమ్మ మెట్లు తడుముకుంటూ తనే దిగింది. సంచి నాకు ఇవ్వలేదు.

"గేటు ఎట్ల దాటితివి?" అని అడిగాను.

చేయి ఎత్తి నా ముఖం ముందు పెట్టింది. చూపుడు వేలి కొస ఎర్రగా ఉంది. "తుడిచిపెట్టినారు. మల్ల పెట్టి పోతి," అంది.

"డాక్టరు ఏమన్నాడు?"

"ఉండేది ఉండాదంట."

ఆమెతోపాటు ఊరికి పోయాను. కోడలు కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చింది. పెద్దమ్మ కాళ్ళు కడుక్కుంది, ముఖం కడుక్కుంది, ఆ వేలు మాత్రం తడవకుండా పట్టుకుంది. కోడలు ఆ ఎరుపు చూసి, నన్ను చూసింది. పెద్దమ్మ నేరుగా దేవుడి గూటి దగ్గరికి పోయి, సంచిలోని కుంకుమ పొట్లం తీసి, ఇన్నేళ్ళూ తన వైపు రాని ఆ గిన్నె పక్కన పెట్టింది.

"ఇది నాది. ఎవరూ తియ్యద్దండి," అంది. "వచ్చే నెల మల్ల కావల్ల."